ముక్కు దిబ్బడకు ఇంట్లోనే ఉప్పునీటి స్ప్రే: నీళ్ళు మరిగించడం నుంచి ముక్కులో కొట్టుకోవడం దాకా

మా నాన్న తలగడ పక్కన ఒకప్పుడు మూడు వస్తువులు తప్పకుండా ఉండేవి: టార్చి లైటు, తుండుగుడ్డ, ముక్కులో వేసుకునే చుక్కల సీసా. మూడోది లేకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఒక చలికాలంలో పడిశం పట్టినప్పుడు మందుల షాపులో అడిగి కొనుక్కున్న సీసా అది. జలుబు వారంలో పోయింది, చుక్కలు మాత్రం పోలేదు. వేసుకున్న కాసేపటికే ముక్కు తెరుచుకునేది, కొన్ని గంటలు గడిచేసరికి ముందుకంటే గట్టిగా బిగుసుకునేది. చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన సీసా చేతిలోకి తీసుకుని చూసి, "ఇప్పుడు మీ ముక్కు మూసుకుపోతున్నది జలుబు వల్ల కాదండీ, ఈ మందు వల్లే" అన్నారు.

జైలోమెటజొలిన్, ఆక్సీమెటజొలిన్ అని సీసా మీద రాసి ఉండే చుక్కలివి. ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను బిగించి దారి తెరుస్తాయి. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడాల్సిన మందు. అంతకు మించి వాడితే, ప్రభావం దిగగానే ఆ నాళాలు మరింత ఉబ్బుతాయి. మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఉబ్బు. డాక్టరు వాటిని మాన్పించి, వాపు తగ్గడానికి వేరే మందు ఇచ్చి, దాంతోపాటు ఉప్పునీటి స్ప్రే వాడమన్నారు. ఉప్పునీటికి ఇలా అలవాటు పడిపోయే గుణం లేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ నీళ్ళు నేనే కలుపుతున్నాను. చల్లారే సమయం పక్కన పెడితే పది నిమిషాల పని. అందులో ఉప్పు గురించి ఆలోచించాల్సింది గోరంత, నీళ్ళ గురించి ఆలోచించాల్సింది కొండంత. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఏ ఉప్పు మంచిదని నలుగురినీ అడిగి, నీళ్ళు మాత్రం కుళాయి తిప్పి పట్టేస్తారు. అందుకే ఇక్కడ నీళ్ళ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఉప్పునీళ్ళు ముక్కులో ఏం చేస్తాయి, ఏం చేయవు

ముక్కు లోపలి పొర మీద కంటికి కనపడనంత సన్నని నూగు ఉంటుంది. డాక్టర్లు దాన్ని సీలియా అంటారు. గాలికి వరిచేను ఊగినట్టు అది సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ, పైన ఉన్న పలచటి జిగురు పొరను గొంతు వైపు నెడుతూ ఉంటుంది. మనం పీల్చిన దుమ్ము, పుప్పొడి, క్రిములు ఆ జిగురుకే అంటుకుని వెళ్ళిపోతాయి. జలుబు చేసినప్పుడు, లేదా రాత్రంతా ఏసీ గదిలో పడుకుని ముక్కు లోపల ఎండిపోయినప్పుడు ఆ జిగురు చిక్కబడుతుంది. చిక్కబడ్డ చీమిడిని ఆ నూగు నెట్టలేదు. ఉప్పునీళ్ళు దాన్ని పలచన చేస్తాయి, అంటుకున్న దుమ్మును కడుగుతాయి, ఎండిన పొరను తడుపుతాయి. వాటి పని అంతవరకే. క్రిములను చంపవు, అలర్జీని మాన్పవు.

ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. ముక్కు చుట్టూ ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులు ఉంటాయి: బుగ్గల్లో, నుదుట్లో, రెండు కళ్ళ మధ్య, ఇంకా లోతుగా ముక్కు వెనక. సైనస్‌లంటే అవే. స్ప్రేతో కొట్టిన తుంపర ఆ గదుల్లోకి చేరదు. ఆ గదులు ముక్కులోకి తెరుచుకునే దారులు చాలా ఇరుకు. వాటి చుట్టూ జిగురు పలచబడితే లోపల పేరుకున్నది మెల్లగా కిందికి దిగే వీలు కలుగుతుంది. కాబట్టి ముఖం బరువు, నుదురు నొప్పి ఒక్క స్ప్రేతో పోతాయని ఆశపడకండి. ముక్కు నిండా చిక్కటి చీమిడి ఉన్నవాళ్ళకు తుంపర కంటే ఎక్కువ నీటితో కడుక్కోవడమే బాగా పనిచేస్తుంది. హఠయోగం చేసేవాళ్ళు జలనేతి అని చేసేది అదే. కింద చెప్పే ఉప్పునీళ్ళే దానికీ పనికొస్తాయి, కాకపోతే పావు లీటరు పడతాయి. మొదటిసారి జలనేతి తెలిసినవారి దగ్గర చేయాలి. స్ప్రేకి ఆ ఇబ్బంది లేదు.

మన ఇళ్ళలో ముక్కు దిబ్బడ అనగానే అమృతాంజనం డబ్బా తీస్తారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ మందు అంటే నాకూ ఇష్టమే. నుదుటికి రాసుకుంటే హాయిగా ఉంటుంది. ఇలాంటి బామ్‌ల ఘాటు, ముఖ్యంగా మెంథాల్, చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది, లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. పైన రాసుకోండి. ముక్కు లోపల రాయకండి, స్ప్రే నీళ్ళలో అస్సలు కలపకండి.

నీళ్ళు: ఇక్కడ రాజీ వద్దు

తాగే నీళ్ళు వేరు, ముక్కులోకి పంపే నీళ్ళు వేరు. నీటితో పాటు కడుపులోకి పోయిన క్రిముల్లో చాలావాటిని అక్కడి ఆమ్లం చంపేస్తుంది. ముక్కులో ఆ కాపలా లేదు. పైగా ముక్కు పైకప్పు దగ్గర జల్లెడలాంటి సన్నని ఎముక ఉంటుంది. వాసన నరాలు దాని రంధ్రాల గుండానే మెదడుకు వెళ్తాయి. గోరువెచ్చటి మంచినీటిలో బతికే నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా సరిగ్గా ఆ దారినే మెదడులోకి పాకుతుంది. ఆ నీళ్ళు తాగితే ఏమీ కాదు, ముక్కులోకి పోతేనే ముప్పు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఇంటి కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. మన పక్కనే కేరళలో 2024లోనూ 2025లోనూ ఇలాంటి మెదడు అమీబా కేసులు వచ్చాయి. అక్కడ చెరువుల్లో, కుంటల్లో చేసిన స్నానాల గురించి ఎక్కువగా చెప్పుకున్నారు. ఈ జబ్బు చాలా అరుదు. కానీ వచ్చినవాళ్ళలో బతికి బయటపడేవాళ్ళు బాగా తక్కువ. ఒక్క నిమిషం మరిగించిన నీళ్ళతో ఆ భయమే లేకుండా పోతుంది కదా, ఇంక ఎందుకు వదిలేయడం?

ఏ నీళ్ళు అనే ప్రశ్నకు జవాబు: ఏ తాగునీళ్ళైనా సరే, మరిగించాకే. ఆర్వో మెషీన్ నీళ్ళు శుభ్రమే అనిపిస్తాయి. కానీ మెషీన్‌లో ఆ నీళ్ళు చేరే చిన్న ట్యాంకు, గొట్టం, కుళాయి కొన శుభ్రంగా ఉన్నాయని ఎవరు చెప్పగలరు? ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల క్యాన్ సంగతీ అంతే. మూత వేసి అమ్మే మినరల్ వాటర్ బాటిల్ కూడా తాగడానికి పనికొచ్చేదే తప్ప ముక్కులోకి పంపేంత క్రిమిరహితం కాదు. బోరు నీళ్ళైతే మరిగాక అడుగున తెల్లటి సున్నంలా దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వంచుకోవచ్చు, వీలుంటే ఆర్వో నీళ్ళే మరిగించడం నయం.

ఒక పొరపాటు గురించి గట్టిగా చెప్పాలి. డిస్టిల్డ్ వాటర్ వాడమని ఎక్కడో చదివి, పెట్రోలు బంకులోనో బ్యాటరీ షాపులోనో అమ్మే క్యాన్ కొనేవాళ్ళున్నారు. అది బ్యాటరీలకు, ఇన్వర్టర్లకు పోసే నీరు. అందులో లవణాలు తీసేసి ఉండొచ్చు గానీ క్రిములు లేకుండా చేసింది కాదు, మనిషి ఒంటికోసం తయారుచేసిందీ కాదు. దాని జోలికి వెళ్ళకండి.

మరిగించడమంటే గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు లేవడం కాదు. నీళ్ళంతా తెర్లాలి, చెంచాతో కలిపినా ఆ తెర్లు ఆగకూడదు. అక్కడి నుంచి గడియారం చూసి పూర్తిగా ఒక నిమిషం ఉంచాలి. ఊటీలాంటి రెండు వేల మీటర్లకు పైబడిన ఊళ్ళలో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి అక్కడ మూడు నిమిషాలు. మన తిరుమల, అరకు, లంబసింగి అంత ఎత్తు కావు, ఒక నిమిషం చాలు. ఎలక్ట్రిక్ కెటిల్ నీళ్ళు తెర్లగానే టక్కున ఆగిపోతుంది, నిమిషం నిలవదు. అందుకే నేను స్టవ్ మీద గిన్నెలోనే పెడతాను.

ఇదంతా చేసే ఓపిక లేకపోతే సులువైన దారి ఉంది. మందుల షాపులో నార్మల్ సెలైన్ 0.9 శాతం అని 100 మిల్లీలీటర్ల సీసా దొరుకుతుంది, సెలైన్ ఎక్కించేటప్పుడు పెట్టేదే. క్రిమిరహితం, ఉప్పు పాళ్ళు కచ్చితం. సీల్ తీశాక ఒక రోజులో వాడేసి మిగిలింది పారబోయాలి. ముక్కు కోసమే చేసిన రెడీమేడ్ సెలైన్ స్ప్రేలు కూడా ఉన్నాయి. ఇంట్లో చిన్నపిల్లలు, రోగనిరోధకశక్తి తగ్గిన పెద్దవాళ్ళు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళు ఉంటే నేను ఇంట్లో కలిపిన నీళ్ళు ఇవ్వను, ఇవే కొంటాను.

ఉప్పు, సోడా

కన్నీళ్ళు కంటి మూల నుంచి సన్నటి గొట్టం గుండా ముక్కులోకే దిగుతాయి. అందుకే ఏడిస్తే ముక్కు కారుతుంది. కానీ ఆ కన్నీళ్ళు ముక్కులో మండవు. చెరువులో ఈత నేర్చుకుంటూ ముక్కులోకి నీళ్ళు పోయినవాళ్ళకు మాత్రం ఆ మంట జన్మంతా గుర్తుంటుంది. తేడా ఉప్పులోనే ఉంది. మన ఒంటి ద్రవాలకు సాటి వచ్చే ఉప్పునీటి పాళ్ళు 0.9 శాతం, అంటే లీటరుకు 9 గ్రాములు. పావు లీటరుకు 2.25 గ్రాములు. మెత్తటి పొడి ఉప్పు 5 మిల్లీలీటర్ల చెంచాకు అంచు సమంగా గీస్తే 6 గ్రాముల దాకా తూగుతుంది, కాబట్టి పావు లీటరుకు అర చెంచా కంటే కాస్త తక్కువ. సరిగ్గా అర చెంచా పడినా నష్టం లేదు. కొంచెం గాఢత పెరుగుతుందంతే. మొదటిసారి మాత్రం తక్కువ వైపే ఉండండి.

చెంచా అంటే టీ కలిపే చెంచా కాదు, అవి ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. దగ్గు సిరప్‌తో వచ్చే 5 మిల్లీలీటర్ల గీత ఉన్న మూతో చెంచానో కడిగి, పొడిగా తుడిచి వాడండి.

అయోడిన్ లేని, ఇంకేమీ కలపని ఉప్పైతే మేలు. మన దేశంలో తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి కాబట్టి అలాంటిది దొరకడం కష్టమే. సైంధవ లవణం పొట్లాలు తిప్పి చూడండి, కొన్నింటి మీద వివరం ఉంటుంది. దొరక్కపోతే ఇంట్లో ఉన్న ప్యాకెట్ ఉప్పే వేసుకోండి. అందులోని కొద్ది అయోడిన్ వల్ల ప్రమాదం లేదు. గడ్డకట్టకుండా కలిపే పొడి కొందరికి కాస్త చిరచిరలాడిస్తుంది, అంతే. రాళ్ళుప్పు మాత్రం నేను వద్దంటాను. దాంట్లో మట్టి, ఇసుక ఉంటాయి. రాళ్ళ మధ్య ఖాళీల వల్ల చెంచా కొలతా తప్పుతుంది.

వంట సోడా, కొన్నిచోట్ల తినే సోడా అంటారు, ఒక చిటికెడు వేస్తే నీళ్ళ పులుపుదనం తగ్గి మంట తక్కువగా ఉంటుంది. వేయకపోయినా స్ప్రే పనిచేస్తుంది. బేకింగ్ పౌడర్ మాత్రం వేరే పదార్థం, అందులో ఆమ్లం పొడి, పిండి కూడా ఉంటాయి. పొరపాటున అది వేయకండి. తులసి రసం, పసుపు, వెల్లుల్లి, కర్పూరం, నీలగిరి తైలం ఇవేవీ వద్దు. వంటింట్లో మంచివైనంత మాత్రాన ముక్కు పొర ఒప్పుకుంటుందని కాదు.

సీసా

30 నుంచి 50 మిల్లీలీటర్ల, ముక్కుకు సరిపడే సన్నటి కొన ఉన్న కొత్త ఖాళీ స్ప్రే సీసా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మూత తిప్పితే వచ్చే రకం కొనండి, లేకపోతే లోపల కడగలేరు. స్ప్రే దొరక్కపోతే డ్రాపర్ ఉన్న గాజు సీసా కూడా చాలు. సెంటు, శానిటైజర్, జుట్టు నూనె ఉన్న సీసాలు ఎంత కడిగినా పనికిరావు. వేరే ముక్కు మందు ఉన్న సీసాలోనూ ఇది పోయకండి. నీళ్ళనుకుని మందో, మందనుకుని నీళ్ళో కొట్టుకునే ప్రమాదం ఉంది.

ఇక కలుపుదాం

ముందు రోజే ఒక చిన్న పని చేసి పెట్టుకోండి. మూత ఉన్న స్టీలు గ్లాసులో కొలిచి 250 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, ఆ మట్టం ఎక్కడికి వచ్చిందో లోపలివైపు గీత పెట్టుకోండి. ఇక ఏనాడూ కొలతపాత్ర వెతుక్కోనక్కర్లేదు.

చేతులు సబ్బుతో కడుక్కుని శుభ్రమైన బట్టతో తుడుచుకోండి. గిన్నెలో అర లీటరు నీళ్ళు పెట్టి, కలిపే స్టీలు చెంచాను కూడా అందులోనే వేసి, తెర్లాక ఒక నిమిషం మరగనివ్వండి. ఆ వేడినీళ్ళు కొన్ని గీత పెట్టిన గ్లాసులో పోసి, తిప్పి, పారబోయండి. గ్లాసు శుభ్రపడుతుంది. వేడి గ్లాసు పట్టుకోవడానికి పట్టుకారు గానీ మసిగుడ్డ గానీ దగ్గర పెట్టుకోండి. తర్వాత గీత దాకా వేడినీళ్ళు పోయండి. ఉప్పు, చిటికెడు సోడా వేసి ఆ చెంచాతోనే కలిపి వెంటనే మూత పెట్టండి. మిగిలిన వేడినీళ్ళు మూతపెట్టి ఉంచండి, సీసా కడగడానికి పనికొస్తాయి.

ఉప్పు ముందే వేసి మరిగించకూడదా అని మా పిన్ని అడిగింది. మరిగే కొద్దీ నీళ్ళు ఆవిరై తగ్గుతాయి, ఉప్పు మాత్రం తగ్గదు, ఎంత గాఢమైందో మనకు తెలియదు. అందుకే ముందు మరిగించాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాతే ఉప్పు.

మూత తీయకుండా గది వేడికి చల్లారనివ్వండి. తొందరపడి ఫ్రిజ్ నీళ్ళు, ఐసు కలపకండి, చేసిన పనంతా వృథా. చల్లారాక చెంచాతో ఒక చుక్క తీసి అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించి చూడండి. కన్నీటి రుచి ఉండాలి. సముద్రపు నీళ్ళలా ఉంటే ఉప్పెక్కువైంది, పారబోసి మళ్ళీ కలపండి. అడుగున నలుసులు కనిపిస్తే కదపకుండా పైన తేరినవే సీసాలోకి వంచుకోండి. సీసా మీద తేదీ, సమయం రాసిన కాగితం అంటించండి. మొదటి నాలుగైదు పంపులు సింకులోకి కొట్టి తుంపర సరిగా వస్తోందో చూసుకోండి.

ముక్కులో కొట్టుకునే తీరు

తల వెనక్కి వాల్చి కొట్టుకోవడం చాలామంది చేసే పని. అలా చేస్తే నీళ్ళు నేరుగా గొంతులోకి జారిపోతాయి. నిటారుగా నిలబడి తల కొంచెం ముందుకు వంచండి. ముందు ఒక్కో రంధ్రం నుంచి మెల్లగా చీదండి.

కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టుకోవాలి. ఇలా చేతులు మార్చితే కొన దానంతట అదే బయటివైపుకు, అదే వైపు కంటి బయటి కొన దిక్కుకు తిరుగుతుంది. రెండు రంధ్రాల మధ్య ఉన్న గోడ మీదకు కొడితే అక్కడి పొర పలచన కాబట్టి మంట పుడుతుంది, రోజూ అలాగే కొడితే రక్తం కూడా రావచ్చు. కొనను లోపలికి గుచ్చకండి, అంచు దాటితే చాలు. మెల్లగా గాలి పీలుస్తూ రెండు మూడు సార్లు నొక్కండి. గట్టిగా ఎగబీల్చవద్దు. నోట్లోకి వచ్చింది ఉమ్మేయండి. తుమ్ములు రావడం, ముక్కు కారడం మామూలే. అర నిమిషం ఆగి మెల్లగా చీదండి. రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదితే చీమిడి చెవి వైపు ఎక్కి చెవిపోటు వస్తుంది.

అయ్యాక కొనను మరిగించి చల్లార్చిన నీటితో తడిపిన శుభ్రమైన బట్టతో తుడిచి మూత పెట్టండి. ఒక సీసా ఒక్క మనిషికే. భార్యాభర్తలైనా సరే, రెండు సీసాలు పెట్టుకోండి.

జలుబు ఉన్నన్నాళ్ళు రోజుకు మూడు నాలుగు సార్లు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తప్పకుండా. అలర్జీ ఉన్నవాళ్ళు దుమ్ము తగిలిన వెంటనే కొట్టుకుంటే ఫలితం బాగుంటుంది: బూజు దులిపాక, భోగి మంట దగ్గర నుంచి వచ్చాక, మిరపకాయల కల్లం నుంచి ఇల్లు చేరాక, వయ్యారిభామ పూసిన బీళ్ళ పక్కన నడిచాక. డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే రాసి ఉంటే ముందు ఉప్పునీళ్ళు, పది పదిహేను నిమిషాల తర్వాత ఆ మందు. ముందే ఆ మందు కొట్టి తర్వాత ఉప్పునీళ్ళు కొడితే మందు కడుక్కుపోతుంది.

బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు అనగానే జంకుతారు. ఒక్క నొక్కుకు వచ్చే తుంపర దాదాపు 0.1 మిల్లీలీటరు. ఒక్కో వైపు మూడేసి, రోజుకు నాలుగు సార్లు కొట్టుకున్నా 24 నొక్కులు, అంటే రెండున్నర మిల్లీలీటర్ల లోపు. అందులో ఉప్పు 22 మిల్లీగ్రాములు, అదీ ఎక్కువ భాగం బయటికే వస్తుంది. ఒక ఆవకాయ ముక్కలో ఉండే ఉప్పు ముందు ఇదెంత? బీపీ ఉన్నవాళ్ళు నిజానికి జాగ్రత్తపడాల్సింది ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ ఉన్న జలుబు మాత్రల విషయంలో. అవి బీపీని పెంచగలవు. గర్భిణులకు కూడా ముక్కు దిబ్బడ తరచూ వస్తుంది, వాళ్ళు సెలైన్ నిశ్చింతగా వాడుకోవచ్చు.

నిల్వ, శుభ్రత

కొన్న స్ప్రేలు కొన్నింటిలో క్రిములు పెరగకుండా నిల్వ మందు కలుపుతారు. మనం కలిపిన దాంట్లో అది లేదు. కాబట్టి 24 గంటలు దాటితే పారబోయాల్సిందే. ఫ్రిజ్‌లో పెట్టినా నేను రెండో రోజుకు ఉంచను. ఉప్పు ధర ఎంతని? గ్లాసులో మిగిలిన నీళ్ళతో ఆ రాత్రే గొంతు పుక్కిలిస్తాం, దానికీ ఇవి చక్కగా సరిపోతాయి.

ప్రతిరోజూ సీసా ఖాళీ చేసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, మరిగించిన వేడినీటితో లోపల గిలకొట్టండి. ఆ సబ్బునీటినే కొన గుండా పది సార్లు పంపు చేయండి. చాలామంది సీసా కడిగి పంపు వదిలేస్తారు, జిగురు వెనక్కి లాక్కునేది ఆ పంపే. తర్వాత మరిగించిన నీటితో సబ్బు వాసన పోయేదాకా అలాగే పంపు చేసి, విడివిడిగా శుభ్రమైన బట్ట మీద ఆరబెట్టండి. తడిగా మూత బిగించకండి. గాజు సీసాను మరుగుతున్న నీళ్ళలో వేస్తే పగలవచ్చు, చల్లటి నీళ్ళలో పెట్టి నీళ్ళతో పాటు మరిగించండి. ప్లాస్టిక్ సీసాను రెండు మూడు నెలలకోసారి మార్చేస్తాను. లోపల గీతలు, పాచి మరక కనిపిస్తే ఆ రోజే.

ఇబ్బంది వస్తే

మంట పుడితే మొదట ఉప్పు కొలత అనుమానించండి. మరీ తక్కువైనా మంటే, ఎక్కువైనా మంటే. నీళ్ళు ఫ్రిజ్ చల్లదనంతో ఉన్నాయేమో, కొన నడిమి గోడకు తగులుతోందేమో చూడండి. అన్నీ సరిచేసినా రెండు రోజులకు మంట తగ్గకపోతే ఆపేయండి. ముక్కు పూర్తిగా బిగుసుకుని తుంపర లోపలికి పోకుండా బయటికే కారుతుంటే బలవంతంగా కొట్టకండి. వేడినీళ్ళ స్నానం చేసి పది నిమిషాలాగి ప్రయత్నించండి. చీదినప్పుడు రక్తపు చార కనిపిస్తే ఒకటి రెండు రోజులు విరామం ఇచ్చి, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు కొన దిశ సరిచూసుకోండి.

చంటిపిల్లలకు స్ప్రే కాదు, చుక్కలు. అవీ కొన్న సెలైన్ చుక్కలే, పిల్లల డాక్టరును అడిగే. పాలు పట్టే ముందు ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేస్తే పాప ఊపిరాడక పాలు వదిలేయడం తగ్గుతుంది. స్నానం పోసేటప్పుడు ముక్కులో ఆముదమో కొబ్బరినూనో చుక్క వేయడం, నోటితో ఊదడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. అమ్మమ్మలకు, నానమ్మలకు ఈ మాట నెమ్మదిగా, పాప పుట్టకముందే చెప్పి ఉంచండి. పిల్లలకు మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పి ఆవిరి పట్టించడం కూడా మానేయాలి. గిన్నె ఒరిగి కాలిన పిల్లలు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు.

ఎప్పుడు సీసా పక్కన పెట్టాలి

ముక్కుకు, సైనస్‌కు ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు, తలకు దెబ్బ తగిలినవాళ్ళు, చెవిపోటు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. తల వంచినప్పుడల్లా ఒకే రంధ్రం నుంచి నీళ్ళలాంటి పలచటి ద్రవం కారుతుంటే అది జలుబు కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, వెంటనే చూపించాలి.

దిబ్బడ, ముఖం నొప్పి పది రోజులు దాటినా తగ్గకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరంతో తిరగబెడితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కన్ను చుట్టూ వాపు, ఎరుపు, ఒకటి రెండుగా కనిపించడం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకోవడం ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. షుగరు అదుపులో లేనివాళ్ళకు బుగ్గ తిమ్మిరెక్కినా, ముక్కులో గానీ అంగిట్లో గానీ నల్లటి పొక్కు కనిపించినా అంతే. 2021లో కోవిడ్ తర్వాత మన రెండు రాష్ట్రాల్లోనూ ఎందరినో బాధపెట్టిన బ్లాక్ ఫంగస్ చాలామందిలో ఇలాగే బయటపడింది.

ఇక చిన్నపిల్లలకు ఒకే వైపు ముక్కు నుంచి చెడువాసనతో చీమిడి వస్తుంటే లోపల బఠాణీ గింజో, పూసో, చింతగింజో ఉందేమో అనుమానించాలి. ఉప్పునీళ్ళు కొడితే గింజ నాని ఉబ్బి మరింత బిగుసుకుంటుంది. పిన్నుతోనో, వేలితోనో తీయబోతే లోపలికి పోతుంది. ఏమీ చేయకుండా, పిల్లవాణ్ణి ఏడిపించకుండా, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. బటన్ బ్యాటరీ అని అనుమానం ఉంటే ఆ గంటలోనే బయలుదేరండి.